పాత థింక్‌ప్యాడ్‌లో మళ్లీ విండోస్ ఎక్స్‌పీ: డిస్క్ విప్పడం దగ్గర్నుంచి తెలుగు ఫాంట్ల దాకా

పోయిన నెల ఖమ్మం వెళ్లినప్పుడు మా బాబాయి బీరువా మీద నుంచి ఒక నల్ల ల్యాప్‌టాప్ దించి నా ముందు పెట్టాడు. "ఒరే, దీన్ని ఒకసారి లేపగలవా? నాయనమ్మ పాటలన్నీ ఇందులోనే ఉండిపోయాయి" అన్నాడు.

బాబాయి ఇరవై ఏళ్లకు పైగా డీటీపీ సెంటర్ నడిపాడు. శుభలేఖలు, కరపత్రాలు, బడి పిల్లల ప్రశ్నపత్రాలు, అన్నీ ఆయన చేతి మీదుగా వెళ్లినవే. 2008లో నాయనమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె పాడుతుంటే పెళ్లి పాటలు, నలుగు పాటలు, బతుకమ్మ పాటలు ఒక్కొక్కటే టైప్ చేశాడు. పేజ్‌మేకర్ 7.0లో, అను ఫాంట్లలో. పుస్తకం వేద్దామనుకున్నారు గానీ పడలేదు. నాయనమ్మ 2011లో పోయింది. ప్రింటవుట్ ఒక్కటీ లేదు. ఉన్నదల్లా ఆ ల్యాప్‌టాప్‌లోని 11 ఫైళ్లు.

మెషిన్ థింక్‌ప్యాడ్ టీ60. 2006 మోడల్. 14 అంగుళాల పాతకాలపు 4:3 స్క్రీన్, ఇంటెల్ కోర్ డ్యుయో, 1 జీబీ ర్యామ్, 80 జీబీ హార్డ్ డిస్క్. ఆన్ చేస్తే గడియారం ఎర్రర్ ఒకటి, దాన్ని దాటితే విండోస్ లోగో, వెంటనే "అన్‌మౌంటబుల్ బూట్ వాల్యూమ్" అని బ్లూ స్క్రీన్. డిస్క్ దగ్గర చెవి పెడితే టిక్కు టిక్కుమని చప్పుడు. ఆ చప్పుడు విన్నాక నేను చేసిన మొదటి పని పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేయడం.

ఇది ఎలా లేచిందో మొదటి నుంచి రాస్తున్నాను. మీ ఇంట్లో కూడా ఇలాంటి ల్యాప్‌టాప్ ఒకటి అటక మీద ఉంటే పనికొస్తుంది. ఒక మాట మాత్రం ముందే చెప్పాలి. ఈ ఆర్టికల్ పేరులో ఇన్‌స్టాలేషన్ ఉన్నా, అందులో అసలు కష్టం ఇన్‌స్టాలేషన్ కాదు. దానికి ముందు చేయాల్సిన పని.

అసలు పాత మెషినే ఎందుకు?

న్యాయమైన ప్రశ్నే. నేనూ బాబాయిని అదే అడిగాను. ఇప్పటి కంప్యూటర్‌లో వర్చువల్‌బాక్స్ వేసి దాని లోపల ఎక్స్‌పీ నడపొచ్చు. మీకు కావాల్సింది ఒక ఫైలు తెరిచి చూడటమే అయితే అదే చేయండి, స్క్రూడ్రైవర్ జోలికి వెళ్లకండి. అర పూటలో పని అయిపోతుంది.

మా కథ వేరు. 11 ఫైళ్లూ తెరవాలి, ప్రతి పాటా చదివి తప్పులు దిద్దాలి, ఆ దిద్దేది బాబాయి. ఆయనకు అను కీబోర్డు వేళ్లలో ఉంది. ఏ వత్తు ఏ కీ అని అడిగితే నోటితో చెప్పలేడు, కొట్టి చూపిస్తాడు. నా కొత్త ల్యాప్‌టాప్ ఇస్తే పది నిమిషాలు కొట్టి "చెక్క మీద కొట్టినట్టుందిరా" అని పక్కన పెట్టేశాడు. టీ60 కీబోర్డు మీద ఒకసారి టైప్ చేసినవాళ్లకు ఆ మాట అర్థమవుతుంది. పదిహేడేళ్ల తర్వాత కూడా ఒక్క కీ కూడా వదులు కాలేదు.

మొదట డిస్క్ బయటకు తీయండి

చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. విండోస్ పాడైంది కదా అని సీడీ పెట్టి అదే డిస్క్ మీద మళ్లీ వేస్తారు. ఎక్స్‌పీ సెటప్‌లో పార్టిషన్ చూపించే నీలం తెర వస్తుంది. అక్కడ డి నొక్కి, తర్వాత ఎల్ నొక్కితే పార్టిషన్ ఎగిరిపోతుంది. ఫార్మాట్ చేయకుండా వేసినా సరే, కొత్త విండోస్ ఫైళ్లు కొన్ని వేలు ఆ డిస్క్ మీద ఎక్కడెక్కడో రాయబడతాయి. వాటి కింద మీ ఫైలు నలిగిపోయిందా లేదా అనేది అదృష్టం. పైగా చచ్చిపోతున్న డిస్క్ అంత పని తట్టుకోదు. "చెక్ డిస్క్" నడపడం కూడా వద్దు. అది రిపేర్ పేరుతో డిస్క్ మీద రాస్తుంది. దెబ్బతిన్న డిస్క్ మీద మనం చేయదగినది చదవడం ఒక్కటే.

టీ60లో డిస్క్ తీయడం చాలా తేలిక. బ్యాటరీ తీసేసి, అడుగున ఒక స్క్రూ విప్పితే డిస్క్ పక్క నుంచి బయటకు జారుతుంది. దానికి రెండు వైపులా రబ్బరు పట్టీలు ఉంటాయి, అవి పారేయకండి. కొత్త డిస్క్‌కు అవే తొడగాలి, లేకపోతే లోపల కదులుతూ ఉంటుంది. ఈ మోడల్ నుంచి డిస్క్ సాటా రకం కాబట్టి మామూలు యూఎస్‌బీ కేసులో పెట్టి ఏ కంప్యూటర్‌కైనా తగిలించొచ్చు. ఇంకా పాతవైతే, ఉదాహరణకు టీ42 లాంటివి, ఐడీఈ డిస్క్‌లు. వాటికి అడాప్టర్ వేరే కొనాలి.

తగిలించింది విండోస్ ఉన్న నా ల్యాప్‌టాప్‌కు కాదు. విండోస్ అలాంటి డిస్క్‌ను చూడగానే ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది, కంగారులో ఎవరో ఒకరు ఎస్ నొక్కుతారు. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ బూట్ చేసి, డీడీరెస్క్యూ అనే ఉచిత టూల్‌తో మొత్తం డిస్క్‌ను ఒక ఇమేజ్ ఫైలుగా కాపీ చేశాను. దీని గొప్పతనం ఏమిటంటే, చదవలేని చోట మొండిగా కూర్చోదు. దాన్ని గుర్తు పెట్టుకుని ముందుకెళ్లిపోతుంది. తేలిగ్గా వచ్చేదంతా ముందు తీసుకుని, తర్వాత వెనక్కి వచ్చి చెడ్డ చోట్లను మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. కమాండ్ ఇచ్చేటప్పుడు మాత్రం ఏది పాత డిస్క్, ఏది కాపీ వెళ్లే చోటు అని రెండుసార్లు చూసుకోండి. తారుమారైతే అంతే సంగతులు.

రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టాను. మొదటి గంట బాగానే పరిగెత్తింది, తర్వాత నత్త నడక. బాబాయి రెండుసార్లు లేచి వచ్చి చూశాడు. తెల్లారేసరికి కొద్ది చోట్లు తప్ప అంతా వచ్చింది. ఆ కొద్ది చోట్లలో ఏముందో అప్పటికి తెలియదు. ఇమేజ్‌ను రీడ్ ఓన్లీగా తెరిచి చూస్తే "అమ్మ పాటలు" ఫోల్డర్ కనిపించింది. లోపల 11 ఫైళ్లు. దాంతో పాటు విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం కూడా కాపీ చేసుకున్నాను. ఇది మర్చిపోవద్దు, ఎందుకో కింద తెలుస్తుంది.

పాత డిస్క్‌ను కవర్‌లో చుట్టి, పైన "ముట్టుకోవద్దు" అని రాసి లోపల పెట్టేశాం.

బ్యాటరీ, ఎస్ఎస్‌డీ, సీడీ

ఆన్ చేయగానే కనిపించిన ఎర్రర్ నంబర్ 0271. తేదీ, టైమ్ తప్పు అని దానర్థం. మదర్‌బోర్డు మీద సీఆర్2032 నాణెం బ్యాటరీ అయిపోతే ఇలా వస్తుంది. థింక్‌ప్యాడ్‌లో ఆ బ్యాటరీకి రెండు వైర్లు, చిన్న కనెక్టర్ అతికించి ఉంటాయి కాబట్టి కిరాణా షాపులో దొరికే ఉత్త బ్యాటరీ కుదరదు, వైర్లతో ఉన్నది అడగండి. కీబోర్డు విప్పాలి. విప్పినప్పుడే ఫ్యాన్‌లో పేరుకున్న దుమ్ము కూడా బ్రష్‌తో దులిపేశాను. అది దుమ్ము కాదు, దుప్పటి.

డిస్క్ స్థానంలో 120 జీబీ సాటా ఎస్ఎస్‌డీ వేశాను. ఎక్స్‌పీ 2001 అక్టోబర్‌లో వచ్చింది, అప్పటికి ఎస్ఎస్‌డీల సంగతి దానికి తెలియదు. అందుకని రెండు జాగ్రత్తలు. ఒకటి, ఎక్స్‌పీ తన పార్టిషన్‌ను 63వ సెక్టార్ నుంచి మొదలుపెడుతుంది, అది ఎస్ఎస్‌డీ లోపలి అమరికకు సరిపోదు, వేగం తగ్గుతుంది. కాబట్టి పార్టిషన్ లినక్స్‌లో జీపార్టెడ్‌తో ముందే చేసి పెట్టాను, ఎంఐబీ అలైన్‌మెంట్‌తో. రెండు, ఎక్స్‌పీకి ట్రిమ్ తెలియదు. అందుకే 120లో 80 జీబీకే పార్టిషన్ చేసి మిగతాది ఖాళీగా వదిలేశాను. డీటీపీ పనికి 80 జీబీ అంటే సముద్రం.

ఇక సీడీ. బాబాయి దగ్గర ఎక్స్‌పీ ప్రొఫెషనల్ సర్వీస్ ప్యాక్ 2 సీడీ ఉంది. ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీద కూడా ప్రొఫెషనల్ అనే ఉంది. ఇవి రెండూ కలవాలి. హోమ్ సీడీకి ప్రొఫెషనల్ కీ పట్టదు, షాపులో విడిగా అమ్మిన సీడీకి ల్యాప్‌టాప్‌తో వచ్చిన స్టిక్కర్ కీ పట్టదు. స్టిక్కర్ అరిగిపోకముందే ఫోటో తీసుకోండి. మాది సగం చెరిగిపోయింది, టార్చి ఏటవాలుగా వేసి చదవాల్సి వచ్చింది.

7బి బ్లూ స్క్రీన్

సీడీ పెట్టి, ఎఫ్12 నొక్కి, బూట్ మెనూలో సీడీ డ్రైవ్ ఎంచుకున్నాను. నీలం తెర వచ్చింది, కింద వరుసగా డ్రైవర్ల పేర్లు పరిగెత్తాయి, "సెటప్ ఈజ్ స్టార్టింగ్ విండోస్" అంది. ఇంకో బ్లూ స్క్రీన్ వచ్చింది. స్టాప్ ఎర్రర్, చివర్లో 7బి.

ఇది చూసి ర్యామ్ పోయిందనో, సీడీ పాడైందనో అనుకుని వదిలేసేవాళ్లు చాలామంది. అదేం కాదు. బూట్ అవ్వాల్సిన డిస్క్ నాకు కనపడట్లేదు అని ఎక్స్‌పీ చెప్పే పద్ధతి అది. టీ60లో సాటా కంట్రోలర్ ఏహెచ్‌సీఐ అనే మోడ్‌లో ఉంటుంది. ఎక్స్‌పీ సీడీలో దానికి డ్రైవర్ లేదు. సెటప్ మొదట్లో ఎఫ్6 నొక్కి డ్రైవర్ ఇవ్వొచ్చు గానీ, దాన్ని ఫ్లాపీలోనే అడుగుతుంది. ఇప్పుడు ఫ్లాపీ ఎక్కడ తెస్తాం? ఎన్‌లైట్ అనే టూల్‌తో డ్రైవర్‌ను సీడీలోనే కలిపి కొత్త సీడీ రాసుకోవడం ఇంకో దారి.

అన్నిటికన్నా సులువైనది బయోస్‌లో ఉంది. ఆన్ చేస్తూ ఎఫ్1 నొక్కి, కాన్ఫిగ్ లోకి వెళ్లి, సీరియల్ ఏటీఏ దగ్గర ఏహెచ్‌సీఐ తీసి కంపాటిబిలిటీ అని పెట్టండి. ఎఫ్10తో సేవ్. ఇప్పుడు ఆ ఎస్ఎస్‌డీ ఎక్స్‌పీకి పాత ఐడీఈ డిస్క్‌లా కనిపిస్తుంది. కొంచెం వేగం తగ్గుతుందంటారు, నాకైతే తేడా తెలియలేదు. ఒకటే హెచ్చరిక: ఇన్‌స్టాల్ అయ్యాక ఎవరో చెప్పారని బయోస్‌లో మళ్లీ ఏహెచ్‌సీఐకి మార్చారో, అదే 7బి మళ్లీ పలకరిస్తుంది.

ఆ తర్వాత అంతా తెలిసిన దారే. ఎఫ్8తో ఒప్పందం, మనం చేసి పెట్టిన పార్టిషన్ మీద ఎంటర్, ఎన్‌టీఎఫ్ఎస్ క్విక్ ఫార్మాట్. ఫైళ్లు కాపీ అయ్యి రీస్టార్ట్ అవుతుంది. అప్పుడు "ప్రెస్ ఎనీ కీ టు బూట్ ఫ్రమ్ సీడీ" అని మళ్లీ వస్తుంది. ఈసారి ఏ కీ నొక్కకూడదు. నొక్కితే మళ్లీ మొదటికే వస్తారు. "39 నిమిషాలు" అని చూపించే ఆ పాత తెర గుర్తుందా? ఎస్ఎస్‌డీ మీద అందులో సగం కూడా పట్టలేదు. బాబాయి నవ్వుతూ "ఇది వేసేటప్పుడు టీ తాగొచ్చేవాళ్లం, ఇప్పుడు గ్లాసు కడిగే టైమ్ కూడా లేదు" అన్నాడు. ఎక్స్‌పీ పచ్చటి కొండ, నీలాకాశం ఉన్న వాల్‌పేపర్ వచ్చేసరికి ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

యాక్టివేషన్‌కు 30 రోజుల గడువు అని చూపించింది. దిద్దడం ఆలోపు పూర్తి చేద్దామని ఇద్దరం అనుకున్నాం.

డ్రైవర్లు, నెట్ సంగతి

మొదట తెర పెద్ద పెద్ద అక్షరాలతో, వెలిసిన రంగులతో ఉంటుంది. లాన్ పనిచేయదు, వైఫై పనిచేయదు. డ్రైవర్లన్నీ ముందే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవాలి. మొదట చిప్‌సెట్, తర్వాత గ్రాఫిక్స్, తర్వాత సౌండ్, ఆ క్రమంలో వేస్తే తలనొప్పి తక్కువ. సర్వీస్ ప్యాక్ 3 కూడా వేశాను. పెన్‌డ్రైవ్ విషయంలో ఒక చిక్కు: 64 జీబీ, ఆ పైన కొనేవి సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో వస్తాయి. ఎక్స్‌పీకి విడిగా అప్‌డేట్ వేస్తే తప్ప అవి చదవడం రాదు. చిన్న పెన్‌డ్రైవ్ తీసుకుని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసుకోండి.

వైఫై డ్రైవర్ నేను కావాలనే వేయలేదు. ఎక్స్‌పీకి సెక్యూరిటీ అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి. ఇప్పటి వెబ్‌సైట్లలో చాలావరకు దాని బ్రౌజర్‌లో తెరుచుకోవు కూడా. టీ60 ముందు అంచున వైర్‌లెస్‌కు ఒక చిన్న స్విచ్ ఉంటుంది, దాన్ని కూడా ఆఫ్‌లోకి జరిపేశాను. ఈ మెషిన్ ఇక ఒక టైప్‌రైటర్ అనుకోండి.

తెలుగు దగ్గరికి వచ్చేసరికి

పేజ్‌మేకర్ వేశాం. మొదటి ఫైలు డబుల్ క్లిక్ చేశాం. ఫాంట్లు దొరకలేదు, బదులుగా వేరేవి వాడనా అని ఒక డబ్బా వచ్చింది. సరే అంటే పేజీ నిండా ఇంగ్లిష్ అక్షరాలు, కొమ్ములూ చుక్కలూ ఉన్న యూరప్ అక్షరాలు. బాబాయి మొహం మాడిపోయింది. "పోయినట్టేనా?"

పోలేదు. అను ఫాంట్లు యూనికోడ్ కావు. పేజ్‌మేకర్‌కు తెలుగు రాదు. అది తాను ఇంగ్లిష్ అక్షరాలు రాస్తున్నానే అనుకుంటుంది. ఆ అక్షరాల బొమ్మల స్థానంలో మన గుణింతాలూ వత్తులూ గీసి పెట్టారు, అంతే కిటుకు. ఫాంట్ లేకపోతే కింద ఉన్న అసలు అక్షరాలు బయటపడతాయి. అందుకే పాత డిస్క్ నుంచి ఫాంట్స్ ఫోల్డర్ తెచ్చుకోమన్నది. అందులోంచి అను ఫాంట్లను కొత్త విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లో వేసి, ఫైలును సేవ్ చేయకుండా మూసి, మళ్లీ తెరిచాను. పేజీ మీద తెలుగు. మొదటి పాట నలుగు పాట. బాబాయి పైకి చదవలేదు, పెదాలు మాత్రం కదిలాయి.

సేవ్ చేయకుండా అని ఎందుకన్నానంటే, ఫాంట్లు మార్చేసిన పేజీని పొరపాటున సేవ్ చేస్తే ఆ మార్పు ఫైలులోనే ఉండిపోవచ్చు. ఎప్పుడూ కాపీ మీదే పని చేయండి.

టైప్ చేయడానికి ఫాంట్లు చాలవు, కీబోర్డు ప్రోగ్రామ్ కూడా కావాలి. దాని సీడీ బాబాయి సొరుగులో దొరికింది. యూనికోడ్ తెలుగు కూడా కనిపించాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరిచి, లాంగ్వేజెస్ ట్యాబ్‌లో కాంప్లెక్స్ స్క్రిప్ట్ దగ్గర టిక్ పెట్టాలి. విండోస్ సీడీ మళ్లీ అడుగుతుంది, అందుకే డ్రైవ్‌లోంచి తీయకండి. ఎక్స్‌పీతో వచ్చే గౌతమి ఫాంట్ అప్పటి నుంచి తెలుగు సరిగ్గా చూపిస్తుంది. యూనికోడ్‌కు మార్చడం నా కొత్త ల్యాప్‌టాప్‌లో కన్వర్టర్‌తో చేశాను. వత్తుల దగ్గరా, దీర్ఘాల దగ్గరా తప్పులు పడతాయి, పాట పాటకూ మనిషి చదవాల్సిందే.

తెరుచుకోని ఆ ఒక్క ఫైలు

పది ఫైళ్లు తెరుచుకున్నాయి. ఏడోది తెరుచుకోలేదు. డిస్క్‌లో చదవలేకపోయిన ఆ కొద్ది చోట్లలో ఒకటి సరిగ్గా దాని మీదే పడింది. ఇమేజ్ నుంచి మళ్లీ కాపీ చేశాను, అదే మాట. లోపలి గదిలో చుట్టి పెట్టిన డిస్క్ బయటకు తీసి డీడీరెస్క్యూతో ఇంకో రాత్రి ఆ చోటు ఒక్కటే ప్రయత్నించాను. రాలేదు.

చివరికి దారి చూపించింది బాబాయే. షాపులో ఇలా ఫైలు మొరాయిస్తే వాళ్లు చేసే పని ఒకటుందట. కొత్త ఖాళీ ఫైలు తెరిచి, ఫైల్ మెనూలో ప్లేస్ నొక్కి, పాడైన పేజ్‌మేకర్ ఫైలునే ఎంచుకుంటే, పేజీల అమరిక వదిలేసి లోపలి మ్యాటర్ ఒక్కటే తెచ్చుకోవచ్చు. నేను ఇన్నేళ్లుగా కంప్యూటర్లతో కుస్తీ పడుతున్నా ఆ సంగతి నాకు తెలియదు. ప్లేస్ చేస్తే ఆ ఫైల్లోని ఆరు పాటల్లో ఐదు పూర్తిగా వచ్చాయి. ఆరోది, ఒక అప్పగింతల పాట, సగంలో తెగిపోయింది.

ఆ శనివారం మధిరలో ఉన్న మా మేనత్తకు ఫోన్ చేశాం. బాబాయి ఫోన్ స్పీకర్ పెట్టి ల్యాప్‌టాప్ పక్కన ఉంచాడు. అత్త మొదట గొంతు బాగోలేదంది, తర్వాత మెల్లగా ఎత్తుకుంది. ఆగినచోట ఆగుతూ, వెనక్కి వెళ్లి మళ్లీ అందుకుంటూ పాడింది. బాబాయి కళ్లు తెర మీద, వేళ్లు కీబోర్డు మీద. చివరి చరణం దగ్గర అత్తకూ గుర్తు రాలేదు. "రేపు గుర్తొస్తే చేస్తాలేరా" అని పెట్టేసింది. బాబాయి అక్కడ రెండు లైన్లు ఖాళీ వదిలి, ఫైలు సేవ్ చేసి, పెన్‌డ్రైవ్ నా చేతికిచ్చాడు, నా ల్యాప్‌టాప్‌లోనూ ఒక కాపీ వేసుకోమని.